మైకు దిగిన మాట

ప్రతి ఉదయం మైకమ్మ వంటింటి గడప మీద కూర్చుని, ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, ముందురోజు తాను రాసినది అత్తయ్యకు చదివి వినిపించేది. అత్తయ్య ఎదురుగా పీట వేసుకుని, చేటలో పోసుకున్న వెల్లుల్లి ఒలుస్తూ కూర్చునేది. పొయ్యి మీద నీళ్ళు కాగుతుండేవి. మొదలుపెట్టే ముందు అత్తయ్య తల ఎత్తకుండానే "ఊఁ, చెప్పు" అనేది. ఆ మాట పడితే గానీ మైకమ్మకు నోరు పెగిలేది కాదు.

చదువుతున్నంతసేపూ ఆమె చూపు సగం ఫోను మీద, సగం అత్తయ్య బొటనవేలి గోరు మీద ఉండేది. వాక్యం సాఫీగా సాగితే గోరూ సాఫీగా సాగేది, పొట్టు ఊడి చేటలో రాలేది. ఎక్కడైనా మాట బిగుసుకుంటే గోరు టక్కున ఆగిపోయేది. ఎందుకు ఆగిందో అత్తయ్య చెప్పలేకపోయేది. ఆమె బడి గడప తొక్కిన మనిషి కాదు.

"అక్కడేదో రాయి తగిలిందే," అనేది అంతే.

మైకమ్మ ఆ వాక్యాన్ని గుర్తు పెట్టుకుని, టీ తాగి, దేవుడికి దండం పెట్టుకుని, పనికి వెళ్ళే బస్సులో కూర్చుని ఆ రాయి ఏదో వెతికి తీసేసేది. ఆ తర్వాతే దాన్ని బ్లాగులో పెట్టేది. 'గోరు ఆగింది' అన్నది ఆ ఇంట్లో వాడుక మాట అయిపోయింది. కూరలో ఉప్పు ఎక్కువైన రోజున ఆమె భర్త కూడా కంచం ముందు కూర్చుని, "ఇవాళ నాకు గోరు ఆగింది," అని మెల్లగా నవ్వేవాడు.

మైకమ్మ అన్న పేరు ఆమెకు బస్టాండు పెట్టింది. వయసులో ఉన్నప్పటి నుంచీ ఆమె ఉద్యోగం బస్టాండు మధ్యలో ఉన్న అద్దాల గదిలో. బల్ల మీద వంగిన మెడతో ఒక మైకు, పక్కన ఎర్ర స్విచ్చు, ఎదురుగా గోడకు బస్సుల వేళల బోర్డు. స్విచ్చు నొక్కి, గొంతు సవరించుకుని, "ప్రయాణికులకు విజ్ఞప్తి. దయచేసి వినండి," అని మొదలుపెట్టేది. ఆ గొంతు విని ఎంతోమంది పరుగులు తీశారు, ఎంతోమంది తెరిపిన పడి మళ్ళీ బెంచీ మీద కూర్చున్నారు. పిల్లలెవరైనా తప్పిపోతే ఆమె పేరూ ఊరూ అడిగి సతాయించేది కాదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని మైకు ఆ పసిదాని నోటి దగ్గరకు వంచేది. ఆ ఏడుపు బస్టాండంతా మోగేది. అందరిలోనూ ఒక్క తల్లి మాత్రం పరుగెత్తుకుని వచ్చేది.

కొన్నాళ్ళకు అద్దాల గదిలోకి ఒక పెట్టె వచ్చింది. అందులో ఎవరో ఒకమ్మాయి గొంతు ముందే నింపి ఉంది. అది దగ్గేది కాదు, సెలవు అడిగేది కాదు. మేనేజరు మొహమాటస్థుడు. ఆమెను పిలిచి విషయం చెప్పడానికి ఆయన నీళ్ళు నమిలాడు. చివరికి, "మర్చిపోయిన వస్తువుల గదిలో ఎవరూ లేరమ్మా," అన్నాడు. తన కుర్చీలోని మెత్త తీసి ఆ గదికి పంపించాడు. ఆ మెత్త మీద కూర్చున్న ప్రతిసారీ మైకమ్మ ఆయన మంచి కోరుకునేది.

ఆ గదిలో గొడుగులు గుత్తులుగా వేలాడేవి. టిఫిను డబ్బాలు, కళ్ళజోళ్ళు, ఒక పళ్ళ సెట్టు, దుప్పట్లు, పేరు రాసిన నీళ్ళ సీసాలు. ఖాళీగా కూర్చోవడం చేతకాక ఆమె తెగిన సంచుల పట్టీలు కుట్టేది, చొక్కాలకు గుండీలు వేసేది. ఒకరోజు గొడుగు కోసం వచ్చిన కాలేజీ టీచరమ్మ, ఊడిపోయిన బట్టను ఊచకు కుట్టి ఉండడం చూసి ఆశ్చర్యపోయింది. ఒక్కో వస్తువు గురించీ అడిగి, నిలబడి విని, చివరికి స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇవన్నీ రాయండమ్మా, చదివేవాళ్ళుంటారు," అని ఆమె ఫోను అందుకుని, అక్కడికక్కడే ఒక బ్లాగు తెరిచి, ఎలా టైపు చేయాలో చూపించి వెళ్ళింది. పేరు మాత్రం మైకమ్మే పెట్టుకుంది: మర్చిపోయిన వస్తువుల గది.

మొదటి రాత ఒక చంకకర్ర గురించి. ఆమె గడప మీద కూర్చుని గొంతు సవరించుకుని చదివింది.

"పాఠకులకు విజ్ఞప్తి. దయచేసి గమనించగలరు. నిన్న సాయంత్రం మూడవ ప్లాట్‌ఫారం వద్ద ఒక చంకకర్ర లభించినది. సదరు యజమాని కర్ర లేకుండా ఎటుల వెళ్ళగలిగినారన్నది ఆశ్చర్యము కలిగించుచున్నది."

గోరు మొదటి మాటకే ఆగి, మళ్ళీ కదలనేలేదు.

"ఎవరితోనే మాట్లాడుతున్నావు?" అంది అత్తయ్య.

"చదివేవాళ్ళతో, అత్తయ్యా."

"వాళ్ళేం తప్పు చేశారు పాపం, అలా గదమాయిస్తున్నావు?"

"గదమాయించడమేంటి! దయచేసి అన్నానుగా?"

"అదే అంటున్నా. ఇంట్లో ఎవరైనా దయచేసి అంటారా? నీ మొగుడు ఎప్పుడైనా 'దయచేసి మంచినీళ్ళు ఇవ్వగలరు' అన్నాడా?"

"అంటే జ్వరమేమోనని నుదురు పట్టి చూస్తాను."

"మరి! కదలని చుట్టానికి చెప్తాం, 'ఇక దయచేయండి' అని. నీ చదివేవాళ్ళు కూడా అలాగే లేచి పోతారు."

మైకమ్మకు చిన్నతనమనిపించింది. ఇన్నేళ్ళు తిండి పెట్టిన మాట అది. "మరి మర్యాదగా అడగాలంటే ఏమనాలి?" అంది మూతి ముడుచుకుని.

అత్తయ్య ఒక రెబ్బ ఒలిచేదాకా ఆలోచించింది. "కాస్త ఆ తలుపు వేసిపెట్టు అంటాం. ఈ సూదిలో దారం ఎక్కించిపెట్టవూ అంటాం. ఆ 'కాస్త'లో లేదూ, ఆ 'పెట్టు'లో లేదూ నీ దయంతా? పైన ఇంకా వేరే పోయాలా?" అని, "అది సరే గానీ, కర్ర వదిలేసి ఆ మనిషి ఎలా పోయాడే? అది చెప్పు ముందు," అంది.

"నాకూ తెలీదు."

"తెలీదనే రాయి. నాకూ నిద్ర పట్టదు, చదివినవాళ్ళకీ పట్టదు."

ఆమె అలాగే రాసింది. 'నిన్న ఒకాయన చంకకర్ర మర్చిపోయాడు. కర్ర లేకుండా ఎలా వెళ్ళాడో నాకు తెలియదు. పొద్దుటి నుంచీ అదే ఆలోచిస్తున్నాను.' అంతే. ఆ సంగతి తేల్చినవాడు వాళ్ళ కింది వాటాలో ఉండే కండక్టరు. మాట మాటకూ 'రైట్' అంటాడని అందరూ ఆయన్ను రైటన్న అనేవారు. మెట్ల కింద నిలబడి గట్టిగా చెప్పాడు.

"ఆ కర్ర మా బస్సు మనిషిదే చెల్లెమ్మా! బస్సు కదిలిపోతోంది, ఆయన కుంటుకుంటూ వస్తున్నాడు. వీపు మీద వేసుకుని ఎక్కించేశా, రైట్. ఆయన్ని తెచ్చా గానీ కర్రను మర్చిపోయా. దిగేచోట ఇంకెవరో భుజం ఇచ్చార్లే, రైట్."

"మనిషిని మోసుకొచ్చి కర్రను వదిలేశాడట! నీ బుర్రకి డబుల్ రైట్," అంది అత్తయ్య పైనుంచి. ఆ మాటతో సహా మైకమ్మ రాసింది. అది చదివి చాలామంది తమ మాటా ఒకటి రాసి వెళ్ళారు.

అలాగని ఒక్కరోజులో మాట మైకు దిగలేదు. మధ్యలో ఆమెకు తొందర పుట్టింది. బ్లాగు రాయడం ఎలాగో చెప్పే సలహాలు ఫోనులో వెతికి, అంకె వేసి శీర్షిక పెడితే జనం ఎగబడతారని చదివి, 'గొడుగు పోగొట్టుకోకుండా ఉండటానికి ఏడు మార్గాలు' అని రాసుకొచ్చింది. అత్తయ్య మూడో మార్గం దాకా ఓపిక పట్టింది.

"గొడుగు పోతే పోనీవే. పోగొట్టుకున్న మనిషి తడుస్తూ ఎక్కడికెళ్ళాడో చెప్పు."

ఇంకోసారి ఎవరో ఒంటికాలి చెప్పు వదిలేసి వెళ్ళారు. ఆ రాతకు ఆమె 'చెప్పు' అని పేరు పెట్టింది.

"ఊఁ, చెప్పు," అంది అత్తయ్య.

"చెప్పు."

"అదే, చెప్పమంటున్నా."

"చెప్పే, అత్తయ్యా!"

"నాదేముంది చెప్పడానికి? నువ్వు చెప్పు!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, చేట పక్కన పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. వెల్లుల్లి చేతులతో తుడుచుకున్నందుకు కళ్ళు మండి ఆ నవ్వు ఇంకాసేపు సాగింది.

అలా ఏళ్ళ మీద ఆమె రాత మెత్తబడింది. 'విచారం వ్యక్తం చేశారు' అని రాయడం మానేసి, ఆయన టోపీ తీసి దాని లోపలికి చూస్తూ నిలబడ్డాడని రాయడం నేర్చుకుంది. అసలు సంగతికి ముందు పెట్టే నాలుగు ముచ్చట్లూ చదివేవాళ్ళ కోసం కాదనీ, తన భయం తీర్చుకోవడానికనీ గ్రహించి, వాటిని కొట్టేయడం నేర్చుకుంది. పెద్ద మాట దొరికినప్పుడు మురిసిపోకుండా, ఇది అత్తయ్య నోట ఎప్పుడైనా విన్నానా అని ఆగడం నేర్చుకుంది. చదివేవాళ్ళు వేలల్లో లేరు. ఉన్నవాళ్ళు మాత్రం వదిలిపెట్టేవాళ్ళు కారు. ఎక్కడో ఆసుపత్రిలో రాత్రి కాపలా కాసే ఆయన ఒకసారి రాశాడు: 'మీరు రాసింది చదువుతుంటే పక్క బెంచీ మీద ఎవరో కూర్చున్నట్టుంటుందమ్మా.' అది చదివి వినిపించిన రోజు అత్తయ్య, ఒలిచిన రెబ్బలన్నీ ఒకచోటికి చేర్చి, "నీళ్ళు మరిగినట్టున్నాయి," అని లేచింది.

ఆ తర్వాత మైకమ్మ గొంతు బొంగురు పోవడం మొదలైంది. జలుబనుకున్నారు. మిరియాలు వేసిన పాలు తాగించారు. బొంగురు కాస్తా గరగర అయింది. డాక్టరు లోపలికి చిన్న దీపం పంపి చూశాడు, ముక్క తీసి పరీక్షకు పంపాడు, మెడకు కరెంటు పెట్టించాడు. రోగం లొంగలేదు. చివరికి ఆయన తన కుర్చీ బల్ల ఇవతలకు లాక్కుని, ఆమె పక్కన కూర్చుని చెప్పాడు. మాట పుట్టే పెట్టె మొత్తం తీసేయాలి. మెడకు బయటినుంచి ఆనించి మాట్లాడే యంత్రం ఒకటుంది గానీ, కరెంటు పెట్టిన కండ గట్టిపడింది కనుక దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

"మరి మాట?" అంది మైకమ్మ.

"మాట ఉండదమ్మా. మీరుంటారు."

ఆమె భర్త దూరపు బస్సు డ్రైవరు. ఒకరోజు ఇంట్లో ఉంటే రెండు రోజులు రోడ్డు మీద ఉండేవాడు. ఆరోజు ఆసుపత్రి నుంచి ఇల్లు చేరేదాకా ఆమె చెయ్యి వదల్లేదు. మధ్యాహ్నం అత్తయ్య ఉతికిన బట్టలు మడతపెడుతుంటే విషయం చెప్పింది ఆయనే. అత్తయ్య చేతిలో ఉన్న చొక్కాను మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"ప్రాణానికి?"

"భయం లేదన్నారమ్మా."

"దేవుడు చల్లగా చూశాడు," అంది అత్తయ్య. కోడలి వైపు తిరిగి, చాలా చిన్నగా, "మరి పొద్దున్నే?" అంది.

మైకమ్మ గుండెలో కూడా అప్పటిదాకా మెదులుతున్నది అదే. బస్టాండుకు ఆమె గొంతు అక్కర్లేకుండా పోయి చాలా కాలమైంది. రాయడానికి వేళ్ళున్నాయి. కానీ ఆ గడప మీద పొద్దుటి పూట ఏమవుతుంది? అత్తయ్యకు అక్షరం రాదు. అత్తయ్య వినకుండా రాసినది ఆమె రాతే కాదు.

భర్తకు ఒక ఉపాయం తోచింది. "గొంతు ఉన్నన్నాళ్ళూ నువ్వు చదివిందంతా ఫోనులో నింపేద్దాం. తర్వాత కూడా అమ్మ వింటుంది."

"ఉన్న మాటలే మళ్ళీ మళ్ళీ వినడానికి నేనేమన్నా బస్టాండునా?" అంది అత్తయ్య. "రేపటి సంగతి రేపు కదా చెప్పేది?"

అందుకని ఆమె అక్షరాలు నేర్చుకోవడానికి పూనుకుంది. మైకమ్మ పలక కొని తెచ్చి 'అ' రాసి చూపించింది. అత్తయ్య పలకను దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. "పిల్లి ముడుచుకు పడుకున్నట్టుందే. లేపబుద్ధి కావట్లేదు," అంది. కొన్నాళ్ళు దిద్దింది. కళ్ళలో పొర, చేతిలో వణుకు. పిల్లి పిల్లిలాగే ఉండిపోయింది. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా పలక కడిగి బియ్యం డబ్బా మీద మూతగా పెట్టేసింది.

ఆపరేషనుకు వెళ్ళే రోజు ఉదయం కూడా మైకమ్మ గడప మీద కూర్చుంది. అప్పటికి ఆమె గొంతు కాగితం నలిగినట్టుంది. ఆమె చదవడం మొదలుపెట్టగానే కింది వాటాలో పొద్దుటి పాటలు పెట్టే రేడియో ఆగిపోయింది. రైటన్న అడగకుండానే ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో ఆ గరగర అంతా స్పష్టంగా వినిపించింది. అత్తయ్య గోరు ఎక్కడా ఆగలేదు. బాగుండి ఆగలేదో, ఆపడానికి మనసొప్పక ఆగలేదో మైకమ్మకు తెలియలేదు. అడగలేదు.

ఆసుపత్రిలో ఒక నర్సమ్మ ఆమెకు రాసి చెరిపే చిన్న అట్ట ఇచ్చింది. మెడకు గుడ్డ కట్టుకుని, ఊపిరి మెడలోంచి వస్తుండగా, ఆమె ఇంటికి వచ్చింది. ఆ మొదటి రోజుల్లో అత్తయ్య ఇద్దరి మాటా తనే మాట్లాడింది. "ఆకలేస్తోందా? వేస్తోందిలే. గంజి కావాలా? వద్దా? సరే, పాలు తాగు," అని ప్రశ్నా తనదే, జవాబూ తనదే. మైకమ్మ కనుబొమ్మలతో ఒప్పుకునేది.

పొద్దున్నే ఇద్దరూ అలవాటుగా వచ్చి కూర్చునేవారు. గడప మీద ఒకరు, పీట మీద ఒకరు. వెల్లుల్లి ఉండేది. ఫోను ఉండేది కాదు. ఒకరోజు అత్తయ్య ఏదో ధ్యాసలో చేట ముందుకు లాక్కుని, తల ఎత్తకుండా, "ఊఁ, చెప్పు," అంది.

అని, అలాగే ఉండిపోయింది. తల ఎత్తలేదు. మైకమ్మ గడప దిగి వచ్చి పక్కన కూర్చుని, చేటలోంచి ఒక రెబ్బ తీసుకుని తనూ ఒలవడం మొదలుపెట్టింది. నీళ్ళు ఇగిరిపోయి గిన్నె మాడిన వాసన వచ్చేదాకా ఇద్దరూ లేవలేదు.

భర్త ఫోను చేతనే చదివించి చూశాడు. ఫోనులోని గొంతు తడబడకుండా, చుక్క దగ్గర ఆగుతూ, కామా దగ్గర ఊపిరి పీలుస్తూ చదివింది. అత్తయ్య మర్యాదగా చివరిదాకా విన్నది.

"ఇది మళ్ళీ మైకేరా," అంది.

అప్పుడాయన తనే చదువుతానని కూర్చున్నాడు. రెండు వాక్యాలు చదివాడు. మూడో దానిలో భార్య వాడే మాట ఒకటి, రోజూ తనను పిలిచే తీరులోనే వచ్చింది. ఆయన కళ్ళజోడు తీసేశాడు. మరుసటి సెలవుకూ అదే జరిగింది. "దానికి గొంతు లేదు, వీడికి ఉండీ పనికిరాలేదు," అంది అత్తయ్య. కసురుకున్నట్టే అంది గానీ, కొడుకు వీపు మీద చెయ్యి వేసింది.

మైకమ్మ తిరిగి పనిలో చేరింది. వస్తువుల కోసం వచ్చేవాళ్ళు ఆమె అట్ట మీద రాసి చూపించేదాకా ఓపికగా నిలబడేవారు. ఒకావిడైతే, గొంతు లేని మనిషి ముందు గొంతెత్తకూడదన్నట్టు, మెల్లగా మాట్లాడి వెళ్ళింది. రాయడానికి సంగతులు ఎప్పటిలాగే ఉన్నాయి. రాత మాత్రం చెడిపోయింది. సాయంత్రం రాసినది మర్నాడు చూసుకుంటే, 'లభించినది' కనిపించేది, 'కోరడమైనది' కనిపించేది. ఎవరి చెవినీ ఊహించుకోలేని మాట తనకు తెలిసిన పాత దారినే పట్టి, నేరుగా మైకులోకి వెళ్ళి కూర్చునేది. ఆమె దేవుణ్ణి గొంతు తిరిగి ఇమ్మని అడగలేదు. ఇచ్చి తీసుకున్నది అడగడం ఆమెకు మొహమాటం. ఒక చెవికి దారి చూపించమని మాత్రం అడిగింది.

ఒకరోజు తన గొంతు గురించే రాసింది. నా గదిలోకి ఈసారి నా వస్తువే వచ్చింది, దీని కోసం ఎవరూ రారు అని. రాస్తున్నప్పుడు కళ్ళు తడిశాయి. చాలా బాగుందనిపించింది. పొద్దున్నే గడప మీద మళ్ళీ చూసుకుంది. ఎదురుగా అత్తయ్య గోరు తన మానాన తను నడుస్తోంది. ఆమెకు ఇందులో ఒక్క ముక్కా తెలియదు. అయినా మైకమ్మకు ఆ గోరు ఆగిపోవడం కనిపించింది. 'ఇది ఎవరు ఏడవాలని రాశావే?' అన్న మాట కూడా వినిపించింది. మొత్తం చెరిపేసింది. చెరిపాక మనసు తేలికైంది. ఊహలో ఆగిన గోరు తప్పు చూపించగలదు. అసలు గోరు ఎక్కడ ఆగుతుందో మాత్రం చదివితేనే తెలుస్తుంది.

ఆ వారంలోనే రైటన్న తన బస్సులో దొరికిన పసిపిల్లల గిలక్కాయ ఒకటి తెచ్చి గదిలో ఇచ్చాడు. పాతది, చెక్కది, ఒకవైపు పంటి గుర్తులు. మైకమ్మ దాన్ని బల్ల మీద పెట్టుకుంది. మధ్యాహ్నం దాకా ఎవరూ రాలేదు. ఏమీ తోచక చేతిలోకి తీసుకుని ఒకసారి ఆడించింది. బయట బెంచీ మీద ఏడుస్తున్న ఎవరిదో పాప టక్కున ఏడుపు ఆపి తలుపు వైపు చూసింది. ఆమె మళ్ళీ ఆడించింది. పాప బోసినోటితో నవ్వింది. ఆ సాయంత్రం మైకమ్మ దాని గురించి రాసింది. రాసినంతసేపూ గొంతు మాట గుర్తు రాలేదు. గిలక్కాయ, పంటి గుర్తులు, ఆ పాప తల్లి అలసిన మొహం, అంతే రాసింది.

మర్నాడు పొద్దున్నే ఆమె ఫోను పట్టుకుని గడప మీద కూర్చుంది. అత్తయ్య దాన్ని చూసింది. చేట ముందుకు లాక్కుంది. అంతలో మెట్ల మీద బరువైన అడుగుల చప్పుడైంది.

"చెల్లెమ్మా, ఆ గిలక్కాయ కోసం ఎవరైనా వచ్చారా?" అన్నాడు రైటన్న గుమ్మంలో నిలబడి. డ్యూటీ బట్టల్లో ఉన్నాడు. "రాత్రంతా అదే ఆలోచన. పాపం ఆ పిల్ల ఎక్కడ గుక్కపెట్టి ఏడుస్తోందో ఏమో, రైట్."

మైకమ్మ లేదన్నట్టు తల ఊపింది.

"మెల్లగా మాట్లాడవయ్యా," అంది అత్తయ్య. "నీ గొంతు రేకు మీద సైకిలు ఈడ్చినట్టుంటుంది. ఉన్నవాడివి ఎందుకంత ఖర్చు పెడతావు?"

"ఏం చెయ్యను పెద్దమ్మా, బస్సులో వెనక సీటుదాకా వినపడాలిగా! మెల్లగా మాట్లాడితే నా పెళ్ళాం కూడా నాకు ఒంట్లో బాగాలేదనుకుంటుంది, రైట్."

అత్తయ్య నవ్వింది. ఆపరేషను తర్వాత ఆ వంటింట్లో ఆమె నవ్వగా వినడం మైకమ్మకు అదే మొదలు. ఆమె రైటన్న మొహంలోకి చూసింది. ఈయనే కదా కర్ర మనిషిని వీపు మీద మోసినవాడు. ఈయనే కదా అడగకుండా రేడియో ఆపినవాడు. గొంతుదేముంది, రేకు మీద సైకిలైనా సరే, అది ఇంట్లో మనిషి గొంతు.

ఆమె ఇంకో పీట వైపు చెయ్యి చూపి ఆయన్ను కూర్చోమంది. లేచి టీ పోసి ఇచ్చింది. తర్వాత ఫోను తీసుకుని రాయడానికి వేళ్ళు పెట్టింది. ఆ ఫోనుకు ఆమె పాత అలవాటు బాగా తెలుసు. మొదటి అక్షరం పడగానే 'దయచేసి' అని తనే చూపించింది. ఆమె దాన్ని చెరిపేసింది. మళ్ళీ మొదలుపెట్టి, నిదానంగా, ఒక్కో మాటా పెదాలతో అనుకుంటూ రాసి, ఫోను ఆయన చేతిలో పెట్టింది. రైటన్న టీ గ్లాసు కింద పెట్టి, తెరను దూరంగా పట్టుకుని, మొదట లోపల్లోపలే చదువుకున్నాడు.

'అన్నయ్యా, కింద ఉన్నది మీ గిలక్కాయ సంగతే. కాస్త అత్తయ్యకి చదివిపెట్టరూ? తొందరేం లేదు, టీ తాగాకే. తప్పులుంటే సర్దకండి, ఉన్నదున్నట్టే చదవండి. ఆవిడ గోరు ఎక్కడ ఆగితే అక్కడ మీరూ ఆగి నావైపు ఒకసారి చూడండి. మధ్యలో రైట్ అనకండి. మొదలుపెట్టే ముందు మాత్రం, ఆవిడ చెప్పు అనేదాకా ఉండండి.'